ఆకాశమునకును శాసనమున్నది

అనంతపురపు మెట్టసీమలో ఆకాశమును చూడని దినముండదు. ఏరువాక నాటినుండి వేరుశనగ పెరికి కుప్పలు వేయువరకు రైతు చూపు మబ్బుమీదనే ఉండును. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో కాలము గడుపుకొనవలసిన నేల ఇది. అదియును అదనుకు పడినప్పుడే వాన. అదను తప్పినచో అది లెక్కకే గాని పంటకు రాదు. ఇట్టి సీమలో ఆకాశము దైవాధీనమనియు, ఏ ఏలికకును లోబడనిదనియు మన పెద్దలు తలచుట సహజమే. నేలకు హద్దురాళ్లున్నవి. చెరువుకు తూములున్నవి. ఆయకట్టుకు నీటివంతులున్నవి. ప్రతి గుంట నేలకును కరణముగారి దస్తరములో లెక్కయుండెడిది. ఆకాశమునకు లెక్క వ్రాసిన కరణము మాత్రము లేడు.

అయినను ఆకాశమునకును శాసనమున్నది. దాని వయస్సు మన దేశములో నూరేండ్లు దాటినది. మన తలమీదుగా ఒక విమానము సాగిపోవునప్పుడు, ఇది ఎగురుటకు తగినదని ఎవరో పరీక్షించి, సంతకము చేసి, పత్రము నిచ్చియున్నారు. ఆ పత్రమునకు యోగ్యతాపత్రమని పేరు. అది ఎట్లు పుట్టినది? దాని వెనుక ఎవరి అనుభవమున్నది? దానితో మెట్టసీమ రైతుకు పనియేమి? ఈ ప్రశ్నలను మనము కొంత విచారింతము.

ముందుగా మనకు తెలిసిన వస్తువుతో మొదలిడుదము. మన సీమలో బావులనుండి కపిలతో నీరు తోడిన కాలమును ఎరిగినవారు ఇంకను ఉన్నారు. ఎద్దులు వాలుదారిలో దిగుచుండగా తోలువాడు మోకుమీద కూర్చుండి తన బరువును కూడ ఇచ్చెడివాడు. ఆ మోకు తెగినచో మొదట పడువాడు అతడే. కనుక అతడు తెల్లవారుజామున కపిల కట్టుటకు ముందే మోకును పొడవునా చేతితో తడిమి, పురి సడలిన చోటును చూచుకొనెడివాడు. అతనికి ఏ సర్కారును నిబంధన విధింపలేదు. అపాయము ఎవరిదో పరీక్షయు వారిదే. ఆ పరీక్షకు కావలసిన తెలివియు వారి వేళ్లలోనే ఉండెడిది.

విమానము ఈ పొందికను తెంచివేసినది. లోపల కూర్చున్న ప్రయాణికునకు రెక్కలోని దూలమెట్లున్నదో తెలియదు. తెలిసికొనుమన్నను అతనిచేత కాదు. క్రింద పొలములో కలుపు తీయు మనిషికి ఆ యంత్రము ఎవరిదో కూడ తెలియదు. తెలిసినవాడు దానిని తయారుచేసినవాడు. అతడు ఎక్కడనో ఉండును. అపాయమొకరిది, తెలివి ఇంకొకరిది. ఈ రెంటి నడుమ ఏర్పడిన ఖాళీని పూరించుటకే ప్రభుత్వము వచ్చి నిలిచినది. విమానయాన శాసనముల చరిత్రయంతయు ఈ ఖాళీని పూడ్చు ప్రయత్నముల చరిత్రయే యని మేము తలంచుచున్నాము.

మన దేశమున ఈ కథ 1911లో ఆరంభమగుచున్నది. ఆ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీన ఆన్రి పెకే అను ఫ్రెంచి వైమానికుడు సుమారు 6,500 ఉత్తరములను మోసికొని అలహాబాదునుండి యమునకు ఆవలనున్న నైనీకి ఎగిరెను. ఆ ఏటనే భారత ఆకాశనౌకల చట్టమును ప్రభుత్వము చేసినది. దానిలో ప్రయాణికుని క్షేమముకంటె, ఈ కొత్త యంత్రము ఎవరి చేతిలో పడునో అను ఏలికల జాగ్రత్తయే హెచ్చు. నాటికి విమానమెక్కు ప్రయాణికులు లేరు గదా!

మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిదప 1919 అక్టోబరు 13న పారిసు నగరమున పలు రాజ్యములు ఒక ఒడంబడిక చేసికొనినవి. ప్రతి రాజ్యమునకును తన నేలపైనున్న ఆకాశముమీద సంపూర్ణాధికారము కలదని అందు అంగీకరించిరి. ఒక దేశమునుండి ఇంకొక దేశమునకు పోవు ప్రతి విమానమునకును యోగ్యతాపత్రముండవలెనని కూడ అందే నిర్ణయించిరి. హద్దురాయియు యోగ్యతాపత్రమును ఒకే ఒడంబడికలో చేరుట గమనింపదగినది. మన దేశమున 1927లో పౌరవిమానయాన శాఖ ఏర్పడినది. ఆ దశకము చివరకు మన విమానములకు ‘వీ టీ’ అను అక్షరములు గుర్తుగా వచ్చినవి. నేటికిని మన దేశపు ప్రతి విమానముమీదను ఆ రెండక్షరములే ముందుండును.

ఇక మన సీమ దగ్గరకు వత్తము. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీనుండి టపాను తీసికొని అహమ్మదాబాదుమీదుగా బొంబాయికి ఎగిరెను. అచ్చటినుండి ఆయన సహచరుడు నెవిల్ విన్సెంట్ ఆ టపాను బళ్లారిమీదుగా మద్రాసునకు చేర్చెను. బళ్లారి మనకు పరాయి ఊరు కాదు. 1882లో విడిపోవువరకు అనంతపురము బళ్లారి జిల్లాలోనిదే. పటముమీద బళ్లారికిని మద్రాసునకును నడుమ తిన్నని గీత గీచి చూచినచో ఆ గీత అనంతపురము పట్టణమునకు మిక్కిలి చేరువగా పోవును. భారతీయ విమాన టపా తొలి దారులలో ఒకటి ఈ మెట్టసీమ అంచులను తాకినదని మనము చెప్పుకొనవచ్చును.

టాటాగారు నడిపిన విమానము ‘పుస్ మాత్’ అను రకపు చిన్న యంత్రము; దాని గుర్తు వీటీ-ఏడీఎన్. ఆ రకమునకు ఒక విషాదచరిత్ర కలదు. 1930 మొదలుకొని మూడేండ్లలో పలుదేశములందు ఆ రకపు విమానములు కొన్ని గాలిలోనే రెక్క విరిగి కూలినవి. మొదటిది 1930లో ఆస్ట్రేలియాలో జరిగినది. మంచి వైమానికులు పలువురు మరణించిరి. ప్రతిసారియు తప్పు నడిపినవానిదో, గాలివానదో అనుకొనుటకు వీలుండెను. కాని విడివిడిగా చూచినప్పుడు దురదృష్టముగా తోచినది, అన్నిటిని ఒకచోట చేర్చి చూచినప్పుడు యంత్రలోపముగా తేలినది. తీవ్రమైన గాలికుదుపులో రెక్క వణకి విరుగుచున్నదని పరీక్షలలో కనుగొని, రెక్కను ఆనించు కమ్మికి ఇంకొక చిన్న ఊతమును చేర్చిరి. ఆ చిన్న ఊతకమ్మి విలువ తొమ్మిది విమానములు.

ఈ విషయమునుండి ఒక సత్యము బయలుపడుచున్నది. ఒక్కొక్క ప్రమాదమును అది జరిగిన చోటనే పాతిపెట్టినచో దానివలన ఎవరును ఏమియు నేర్వరు. వాటి నన్నిటిని ఒక పుస్తకములో వ్రాసి పోల్చిచూచు అధికారి ఒకడుండవలెను. శాసనము ఆ పుస్తకమును తెరిపించును.

మన దేశమున ఆ పుస్తకము 1934లో సిద్ధమైనది. ఆ ఏటి భారత విమాన చట్టము పాత 1911 చట్టమును తొలగించి, విమానముల తయారీ, స్వాధీనము, ఉపయోగము, అమ్మకము, దిగుమతి, ఎగుమతులనన్నిటిని తన పరిధిలోనికి తెచ్చుకొనినది. దాని క్రింద 1937లో విమాన నిబంధనలు వెలువడినవి. ఇవి మూడు ప్రశ్నలను అడుగును. ఈ విమానము ఎవరిది? ఇది ఎగురుటకు తగియున్నదా? దీనిని నడుపువారును బాగుచేయువారును తగినవారేనా? మొదటి ప్రశ్నకు రిజిస్ట్రేషను పత్రము, రెండవదానికి యోగ్యతాపత్రము, మూడవదానికి లైసెన్సులు సమాధానములు.

ఇందు రెండవదియే కష్టమైనది. దానికి మూడు మెట్లున్నవి. మొదట ఆ రకపు విమానపు నమూనాను పరీక్షింతురు. రెక్కను విరుగువరకు వంచి చూచుట, ఒక ఇంజను ఆగినను పైకి లేవగలదా యని ఎగిరి చూచుట మొదలగునవి ఈ మెట్టులోనివి. నెగ్గిన రకమునకు టైప్ సర్టిఫికెట్టు ఇత్తురు. పిమ్మట ఆ నమూనా ప్రకారము తయారైన ఒక్కొక్క విమానమునకును వేరువేరుగా యోగ్యతాపత్రము నిత్తురు. నిబంధనలలో 50వది ఈ పత్రము నిచ్చుటను గూర్చినది. 55వది దానిని నిలిపివేయుటను, రద్దుచేయుటను గూర్చినది. మూడవ మెట్టు దినదినమును జరుగునది. లైసెన్సు పొందిన ఇంజనీరు పనిని చూచి, చిట్టాలో వ్రాసి, తన పేరు పెట్టనిదే విమానము కదలరాదు. మోకును తడిమి చూచిన కపిలవాని చేయి ఇచ్చట ఇంజనీరు సంతకముగా మారినది. భేద మొక్కటే: కపిలవాడు తన ప్రాణమునకై చూచుకొనెను, ఇంజనీరు తనకు ముఖపరిచయము లేనివారి ప్రాణములకై చూడవలెను.

రెండవ ప్రపంచయుద్ధము ముగియక మునుపే, 1944 డిసెంబరు 7న, చికాగో నగరమున 52 దేశములు కొత్త ఒడంబడికపై సంతకములు చేసినవి. భారతదేశమును అందు చేరినది. ఒక దేశమిచ్చిన యోగ్యతాపత్రము నిర్ణీత ప్రమాణములకు తగ్గనిదైనచో తక్కిన దేశములు దానిని మన్నింపవలెనని ఆ ఒడంబడిక 33వ అధికరణము చెప్పుచున్నది. ఆ ప్రమాణములను 1949లో ఒడంబడికకు ఎనిమిదవ అనుబంధముగా చేర్చిరి. ఒక ఊరి సంతలో వేసిన తూకమును పై ఊరి సంతలోను ఒప్పుకొనుట వంటిది ఇది. కాని తూకపు రాయి ఎక్కడ తరిగిపోయినను అన్ని సంతలును మోసపోవును. ఒకరి పరీక్షలోని లోపము అందరి ఆకాశమునకును ప్రాకును.

ఈ మాట ఎంత నిజమో పదేండ్లు తిరుగకుండనే తెలిసినది. ‘కామెట్’ అను బ్రిటిషు విమానము 1952 మే 2న ప్రయాణికులతో తిరుగ నారంభించిన తొలి జెట్ విమానము. సరిగా ఏడాదికి, 1953 మే 2న, కలకత్తా డండంనుండి లేచిన ఒక కామెట్ గాలివానలో భగ్నమై కూలినది. అందులోని 43 మందియు మరణించిరి. మన ప్రభుత్వము విచారణ జరిపించి, గాలివాన తాకిడికి విమానపు కట్టడము గాలిలోనే విచ్ఛిన్నమైనదని తేల్చినది. తరువాత 1954 జనవరిలోను ఏప్రిలులోను ఇటలీ సమీపమున మరి రెండు కామెట్లు సముద్రములో కూలినవి. ఏప్రిలు 12న బ్రిటిషు ప్రభుత్వము ఆ విమానపు యోగ్యతాపత్రమును ఉపసంహరించినది. పిదప శాస్త్రజ్ఞులు ఒక కామెట్ దేహమును పెద్ద నీటితొట్టిలో ఉంచి, లోపలి ఒత్తిడిని పలుమార్లు పెంచి తగ్గించి చూచిరి. మొత్తము సుమారు 3,000 ప్రయాణముల ఒత్తిడికి గురియైన పిమ్మట కిటికీవంటి రంధ్రపు మూలనుండి లోహము పగిలినది. లోహమును మనిషివలె అలసిపోవునని ప్రపంచము ఖర్చుపెట్టి నేర్చుకొనిన పాఠమది. సముద్రములో కూలినవాటి రహస్యమును నేలమీది నీటితొట్టి చెప్పినది.

ఇప్పుడు మన సీమలో పుట్టిన ఒక పెద్దమనిషి కథలోనికి వచ్చుచున్నారు. నీలం సంజీవరెడ్డిగారు 1913లో అనంతపురము జిల్లా ఇల్లూరులో జన్మించిరి. 1956లో ఆంధ్రప్రదేశమునకు తొలి ముఖ్యమంత్రియైరి, 1977లో రాష్ట్రపతియైరి. ఈ రెంటి నడుమ ఆయన కొంతకాలము కేంద్రమున రవాణా, పౌరవిమానయాన, నౌకా, పర్యాటక శాఖల మంత్రిగా ఉన్న సంగతిని మనవారు అంతగా తలచుకొనరు. శ్రీమతి ఇందిరాగాంధి తొలి మంత్రివర్గము 1966 జనవరి 24న ప్రమాణస్వీకారము చేసినది. ఆ దినముననే ఎయిరిండియావారి ‘కాంచనజంగ’ అను బోయింగు 707 విమానము బేరూతునుండి జెనీవాకు పోవుచు ఆల్ప్స్ పర్వతములలోని మౌంట్ బ్లాంకును ఢీకొనినది. 117 మందియు మరణించిరి. వారిలో మన అణుశక్తి కార్యక్రమమునకు ఆద్యుడైన హోమీ భాభా ఒకరు. చుక్కనీటికై ఎదురుచూచు సీమలో పుట్టిన నేత పదవిని స్వీకరించిన దినము మంచుకొండమీది మరణవార్తతో ముడిపడినది.

ప్రమాదము ఫ్రాన్సు నేలపై జరిగినది గాన చికాగో ఒడంబడిక ప్రకారము విచారణము ఫ్రాన్సు జరిపినది. దిశను తెలుపు రేడియో గ్రాహకములు రెంటిలో ఒకటి ప్రయాణ మధ్యమున పనిచేయలేదని అందు తేలినది. విమానము కొండను దాటినదో లేదో అను విషయమున పైలటునకును నేలమీది రాడారు అధికారికిని నడుమ మాట సరిగా అందలేదనియు తేలినది. రెండు చిన్న లోపములు కలిసి ఒక పెద్ద ఘోరమైనది.

ఇచ్చట మనము నిలిచి ఆలోచింపవలెను. ఆ విమానమునకు యోగ్యతాపత్రము లేక పోలేదు. కాని పత్రము పెట్టెలో ఉన్నంతమాత్రాన యంత్రము ఆనాడు యోగ్యమైనదని కాదు. అందుచేతనే ఏ పరికరము చెడినను బయలుదేరవచ్చును, ఏది చెడినచో బయలుదేరరాదు అను పట్టికను నేడు ప్రతి విమానమునకును ముందే వ్రాసియుంతురు. ఆ పట్టికలో లేని లోపముతో విమానమును లేపు అధికారము ఎంత గొప్ప పైలటునకును లేదు. తొందరలో ఉన్న మనిషిచేత నిర్ణయము చేయింపక, తీరికగా కూర్చున్నప్పుడే చేసియుంచుట ఈ నిబంధనలోని వివేకము.

ఆ కాలమునందే ఇంకొక ప్రశ్నయు దాగియున్నది. 1953లో హైదరాబాదు బేగంపేటలోని డెక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ప్రైవేటు విమాన సంస్థలన్నియు జాతీయమైనవి. అప్పటినుండి విమానములు నడుపు సంస్థలును, వాటిని తనిఖీచేయు శాఖయు ఒకే మంత్రిత్వము క్రింద ఉండెను. ప్రమాదము జరిగినప్పుడు విచారించునదియు ఆ ప్రభుత్వమే. పైరు వేసినవాడే పంట అంచనాకు వచ్చినచో ఊరివారికి నమ్మకము కుదురునా? ఇది వ్యక్తుల నిజాయితీని శంకించుట కాదు. ఏర్పాటులోని చిక్కును చెప్పుట. ఈ చిక్కును విడదీయుటకు చాలకాలము పట్టినది. ప్రమాదములను విచారించుటకు 2012లో వేరొక బ్యూరో ఏర్పడినది. 2020 నాటి సవరణతో విమానయాన డైరక్టరేటునకు, భద్రతా బ్యూరోకు, ఈ విచారణ బ్యూరోకు చట్టములోనే స్థానము కలిగినది. 2022 జనవరిలో ఎయిరిండియా తిరిగి టాటాల చేతికి పోవుటతో సర్కారు ఆ సంస్థకు యజమానిగా ఉండుట ముగిసినది. అయినను మూడు సంస్థలును ఒకే మంత్రిత్వము నీడలోనివే. అందుచేత ఆ ప్రశ్న పూర్తిగా తీరినదని చెప్పలేము.

నిబంధన ఎంత చక్కనిదైనను దానిని అమలుపరచు మనుష్యులు చాలినంతమంది లేనిచో ఏమగునో 2014లో కనబడినది. మన డైరక్టరేటునందు అర్హులైన సాంకేతిక పరిశీలకుల కొరత ఉన్నదని, ఆ ఏటి జనవరిలో అమెరికా మన దేశమును రెండవ తరగతికి దించినది. కొత్త పరిశీలకులను నియమించిన తరువాత 2015 ఏప్రిలులో మొదటి తరగతిని తిరిగి ఇచ్చినది. చెరువు కట్ట ఎంత గట్టిదైనను తూము చూచుకొను నీరుగంటి లేనిచో నీరు నిలువదని మన ఊళ్లవారికి ఒకరు చెప్పనక్కరలేదు.

ఇంతయు చెప్పిన పిమ్మట మెట్టసీమ రైతుకు దీనితో పనియేమి అను ప్రశ్నకు సమాధానము చెప్పవలసియున్నది. విమానమెక్కువారి సంగతి అటుంచుదము. 1990లో పుట్టపర్తిలో విమానాశ్రయము ప్రారంభమైనది. అది ప్రైవేటు సంస్థ కట్టినదైనను, రన్‌వే వేసినంతమాత్రాన విమానము దిగరాదు. దానికిని 1937 నాటి నిబంధనలే వర్తించినవి. ఆకాశములో యంత్రమునకువలె నేలపై దిగుచోటునకును యోగ్యత చూడవలెను.

2003లో రాష్ట్ర ప్రభుత్వము కరవు జిల్లాలపై మేఘమథనము మొదలిడినప్పుడు విమానము మన రైతుకు ఇంకను చేరువైనది. ఉప్పువంటి రసాయనమునో వెండి అయొడైడునో మండించి మబ్బులో చల్లుటకు రెక్కలకు గొట్టములు బిగింతురు. వాన కురియునా కురియదా అను విషయమున శాస్త్రజ్ఞుల నడుమ వాదములున్నవి. ఆ వాదము మన ప్రస్తుతాంశము కాదు. రెక్కకు కొత్తగా ఏది బిగించినను అది ఆ విమానమును మార్చినట్లే గాన వేరుగా అనుమతి కావలెనని శాసనము. పుస్ మాత్ రెక్క కథ విన్న మనకు దీని కారణమును విప్పి చెప్పనక్కరలేదు. కరవు ఎంత తొందరపెట్టినను ఆ అనుమతిని దాటరాదు. మబ్బులోనికి పోవు పైలటును ఒక ఇంటివాడే.

నేడు ఆ దూరము ఇంకను తగ్గినది. 2021 ఆగస్టులో డ్రోన్ల నిబంధనలు వచ్చినవి. మందు చల్లు డ్రోనునకు కూడ టైప్ సర్టిఫికెట్టు, గుర్తింపు సంఖ్య కావలెను; నడుపువారికి పత్రము కావలెను. 2023లో కేంద్రప్రభుత్వము 15,000 మహిళా సంఘములకు డ్రోన్లనిచ్చు పథకమును తలపెట్టినది. పొలముగట్టున నిలిచి డ్రోను నడుపు స్త్రీ చేతిలోని పత్రమును, బోయింగు పైలటు జేబులోని లైసెన్సును ఒకే శాసన వృక్షపు కొమ్మలు. ఆమె తలమీదనే ఆ యంత్రము తిరుగును. పక్క చేనిలో కూలిమనుష్యులుందురు. ఇప్పుడు ఆ శాసనము రైతుకు దూరపు కథ కాదు.

1934 నాటి చట్టము స్థానమున 2025 జనవరి 1 నుండి భారతీయ వాయుయాన్ అధినియమ్ అమలులోనికి వచ్చినది. దానిని పార్లమెంటులో ప్రవేశపెట్టిన మంత్రియు తెలుగువాడే. శ్రీకాకుళమునకు చెందిన కింజరాపు రామ్మోహన్ నాయుడుగారు. విమానముల రూపకల్పనను కూడ ఈ చట్టము స్పష్టముగా తన పరిధిలో చేర్చుకొనినది. చట్టము వచ్చిన ఆరు నెలలకే, జూను 12న, అహమ్మదాబాదులో ఎయిరిండియా విమానము లేచిన కొద్ది క్షణములలోనే వైద్యకళాశాల వసతిగృహముపై కూలినది. విమానములోని 242 మందిలో 241 మందియు, నేలమీద 19 మందియు మరణించిరి. ఆ 19 మంది ఏ టిక్కెట్టును కొనలేదు. కొందరు భోజనము చేయుచుండిరి.

యోగ్యతాపత్రము ఎవరి కొరకు అను ప్రశ్నకు వారిని తలచుకొనినచో సమాధానము దొరకును. ఎక్కినవారి కొరకును, క్రింద ఉన్నవారి కొరకును అది ఒక్కటే పత్రము. కాబట్టి ఆ సంతకము సరిగా పడినదా, పరిశీలకులు చాలినంతమంది ఉన్నారా, విచారణ నివేదికలు వేళకు వెలువడుచున్నవా యని అడుగు హక్కు, విమానమును దూరమునుండి మాత్రమే చూచిన రైతుకును కలదు. కపిల మోకును తడిమి చూచిన తాత మనుమడు ఆ ప్రశ్నను అడిగినచో, అది అతనికి సంబంధింపని విషయమని ఎవరును అనజాలరు.